చింతపండుతో తోమిన గరుడ

"యే కిస్‌నే కియా?"

స్మిత నాతో అన్న మొదటి మాట అదే. ఇది ఎవరు చేశారని. అడిగిన తీరు చూసి హత్య జరిగిందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ వేలు ఇత్తడి పక్షి మీద ఉంది.

మా జంషెడ్‌పూర్‌లో, దొరలు ఉక్కు ప్లాంటు పనికొచ్చిన రోజుల్లో కట్టుకున్న చర్చి ఒకటుంది. వాళ్ళ దేశంలో పల్లెటూరి చర్చి ఎలా ఉంటుందో అలాగే కట్టుకున్నారట, కాకపోతే ఎర్ర ఇటుకతో. నలుచదరపు గంట గోపురం, కోసుగా లేచిన కిటికీలకి రంగుటద్దాలు, లోపల వరసగా టేకు బెంచీలు. ముందువైపు రెక్కలు చాపి నిలబడ్డ పెద్ద ఇత్తడి గద్ద. దాని వీపు మీద బైబిలు పెట్టి చదువుతారు.

ఆ గద్దని ప్రతి శనివారం తోమేది మా మామ్మ దాలమ్మ. నేను పుట్టకముందు నుంచీ ఆ చర్చి ఊడ్చి తుడిచే పని ఆవిడదే. మామ్మకి అది గద్ద కాదు, గరుత్మంతుడు. "ఇష్ణుమూర్తిని మోసినోడు పుస్తకం మొయ్యలేడేటి?" అంటుంది. చింతపండు, ఇటుకపొడి పట్టించి తోమి, కడిగి, ఆఖర్న ఎవరూ చూడకుండా ముక్కు కింద చిన్న కుంకం బొట్టు పెడుతుంది. ఆదివారం ప్రార్థనకి ముందే ఫాదర్ దాన్ని గుడ్డతో తుడిచేస్తారు. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మేముండే పేట భాలుబాసా నుంచి మామ్మని స్కూటీ మీద తెచ్చి దించడం నా డ్యూటీ. నా పేరు పైడిబాబు. ప్లాంటులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ని.

"మేమే చేశాం," అన్నాను హిందీలోనే. "ఏం, మెరుస్తోంది కదా?"

"మెరుపు సంగతి సరే. ఈకలేవి?"

అప్పుడు చూశాను. రొమ్ము మీద ఈకల గీతలు అరిగిపోయి, పక్షి అక్కడ చెంబులా నున్నగా ఉంది.

బకెట్ పక్కన కూర్చున్న మామ్మ తెలుగులో గొణిగింది. "ఎవుల్రా ఈ గుంట? పొద్దున్నే ఏటీ తినలేదు కాబోలు, మన మీద పడతంది."

ఆ అమ్మాయి ఇటు తిరిగింది. "తిన్నాను మామ్మా. పెసరట్టు తిన్నాను."

మామ్మ చేతిలో చింతపండు జారి బకెట్లో పడింది. నాకు నవ్వాగలేదు.

స్మిత టాటానగర్ రైల్వే క్వార్టర్స్ అమ్మాయి. వాళ్ళ నాన్న జగ్గారావుగారు గూడ్సు గార్డు, మాలాగే శ్రీకాకుళం వైపు వాళ్ళు. తను ఆర్కిటెక్చర్ చదివి, కలకత్తాలో పాత కట్టడాలు బాగుచేసే ఆఫీసులో చేరింది. మా చర్చిలో ప్రతి వస్తువునీ కొలిచి, బొమ్మ గీసి, దేన్ని ఎలా కాపాడాలో కమిటీకి రిపోర్టు రాసివ్వడానికి వచ్చింది. వానలు తగ్గేలోపు ఇచ్చి వెళ్ళిపోవాలి.

ఆ తర్వాత శనివారం కాకపోయినా నాకు చర్చి దారిలోనే పనులు పడటం మొదలయ్యాయి. కొలత టేపుకి ఒక చివర తను, రెండో చివర నేను.

మామ్మ అక్కడి సామాన్లకి పెట్టుకున్న పేర్లంటే స్మితకి తెగ సరదా. గుమ్మం పక్కన పిల్లలకి బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి మామ్మకి కుడితి గోళెం. మోకరించడానికి కుట్టిన మెత్తలు మోకాలి బొంతలు. పైన చెక్క గొడుగుతో, ఫాదర్ ఎక్కి ప్రసంగం చేసే పల్పిట్టేమో చేలో మంచె.

"ఆ గొడుగెందుకో తెలుసా?" అంది స్మిత. "మాట పైకి పోకుండా జనం మీదకి తోస్తుంది. అప్పుడు మైకులు లేవుగా."

"మా మామ్మకి గొడుగు కూడా అక్కర్లేదు," అన్నాను.

ఒకరోజు వాన పట్టుకుంటే ఇద్దరం చర్చి వాకిట్లో పోర్చ్ కింద నిలబడ్డాం. ఒక భుజం తడుస్తున్నా తను జరగలేదు, నేనూ జరగలేదు.

"పూర్వం ఇంగ్లండులో పెళ్ళి లోపల కాదు, ఇలాంటి పోర్చ్‌లోనే చేసేవారు," అంది వాన చూస్తూ.

"అయితే కాస్త దూరంగా నిలబడతాను. ఎవరైనా చూస్తే పెళ్ళైపోయిందనుకుంటారు."

"తడుస్తావు," అంది. అంతే అంది. నా గుండెకాయ మాత్రం తన పని తాను మర్చిపోయింది.

అంతా బాగుండగా నేనే అడిగాను, గద్ద గురించి ఏం రాస్తున్నావని.

"ఉన్నదే. పులుపూ ఇటుకపొడీ ఇత్తడిని తినేస్తున్నాయి. ఆపాలి."

"అలా రాస్తే కమిటీ మామ్మనే ఆపేస్తుంది. క్లీనింగ్ ఏజెన్సీవాళ్ళు కాచుక్కూర్చున్నారు."

"అబద్ధం రాయమంటావా?"

"రాయమన్నానా?"

"నోటితో అనలేదు."

నాకు ఒళ్ళు మండింది. "నీకది బొమ్మ, కొలత. మా తాత పోయాక మామ్మ మనసులో మాట మనుషులతో చెప్పుకోవడం మానేసింది. కష్టమైనా సుఖమైనా దానికే చెప్పుకుంటుంది. ఆ పని పోతే ఇంక ఎవరితో చెప్పుకుంటుంది?"

నేను వానలోనే వచ్చేశాను.

ఆ శనివారం మామ్మని దించి బయటే ఉండిపోదామనుకున్నాను. మామ్మ ఉండనివ్వలేదు.

"ఒరే పైడీ, ఇలా రా. ఎంత తోమినా ఇది నల్లగానే ఉంది సూడు. రెండేళ్ళ బట్టీ ఇదే వరస. గట్టిగా రుద్దీవోయ్, నా సేతుల్లో సత్తువ లేదు."

పక్షి మీద ఎండ పడి నాకు కళ్ళు చెదురుతున్నాయి. నలుపెక్కడ?

అవతల బెంచీలో గీసుకుంటున్న స్మిత పెన్సిల్ పక్కన పెట్టి వచ్చి, మామ్మ దగ్గర నేల మీద కూర్చుంది. "మామ్మా, ఆ కిటికీ అద్దం ఏ రంగు?"

"రంగేటి? బూడిదే. ప్లాంటు మసి పట్టీసింది."

కిటికీ ఎర్రగా, నీలంగా వెలిగిపోతోంది. స్మిత నా వంక చూసింది. గొంతు తగ్గించి అంది. "నలుపు పక్షి మీద లేదు పైడీ. మామ్మ కళ్ళలో ఉంది."

శుక్లాలు. మాసిపోయిందనుకుని, వారం వారం ఇంకా గట్టిగా తోమిందన్నమాట. ఇంట్లో మామ్మ ఏరి వండిన అన్నంలో రాళ్ళొస్తుంటే నేను రేషన్ బియ్యాన్ని తిట్టుకుంటూ తిన్నాను.

ఆపరేషన్ రోజు స్మిత తనంతట తనే ఆసుపత్రికి వచ్చింది. మామ్మని లోపలికి తీసుకెళ్ళాక బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"రిపోర్టు ఇచ్చేశాను. చింతపండు బంద్, ఇటుకపొడి బంద్. పొడి గుడ్డతో తుడవడమే. ఆ పని పక్షి ఒంటి మీద ప్రతి మలుపూ తెలిసిన మనిషి చేతిలోనే ఉండాలని కూడా రాశాను."

"కమిటీ ఏమంది?"

"మామ్మ తోమడం మానితే సరేనంది. మానుతుందా?"

"చింతపండు లేనిది శుభ్రమే కాదంటుంది. నాకు నమ్మకం లేదు." ఇక దాచలేక అనేశాను. "నువ్వెళ్ళిపోతే నాకు బాగోదు."

"ఎంత బాగోదు?"

"చాలా. నువ్వంటే ఇష్టం స్మితా."

"తెలుసు. నువ్వు టేపు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఆ కొలతలన్నీ నేను మళ్ళీ కొలుచుకున్నాను."

"మరి నీకు?"

"మామ్మని చూడనీ. అప్పుడు చెప్తాను."

డాక్టరు సరేనన్న శనివారం మామ్మ చర్చికొచ్చింది. గుమ్మంలోనే ఆగి కిటికీ చూసింది. "ఇది ఇంత ఎర్రగుంటాదేటి," అనుకుంది. తర్వాత నెమ్మదిగా నడిచి గరుడ ముందు నిలబడింది. రొమ్ము మీద చెయ్యేసి తడిమింది.

"ఈకలేవిరా?"

ఆ చెయ్యి అక్కడే మళ్ళీ మళ్ళీ తిరిగింది.

"ఎవులు సేసినారిది?" అని, తన అరచేయి తిప్పి చూసుకుంది. "నానే."

తల పక్షి రెక్కకి ఆనించి ఏడ్చింది. "నొప్పెట్టలేదేటి నాయినా? ఇన్ని మాటలు సెప్పుకున్నాను, ఈ ఒక్కటీ నువ్వు సెప్పొద్దేటి?"

స్మిత పొడి గుడ్డ అందించింది. మామ్మ దాంతో రెక్క మీద మెల్లగా, చంటిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు తుడిచింది. చింతపండు పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "ఇంటికి అట్టుకెళ్ళిపో. పులుసులోకి."

అలవాటుగా రొంటిన దోపుకున్న కుంకం పొట్లం విప్పింది. వేలు ముక్కు కిందకి వెళ్ళి మధ్యలో ఆగింది.

"పిల్లా, ఇదీ తింటాదేటి ఇత్తడిని?"

ఒక్క బొట్టుకేం కాదని స్మిత అనొచ్చు. అలా అనలేదు. "కొంచెం తింటుంది మామ్మా," అంది.

మామ్మ వేలు అలాగే ఉంచి స్మిత వైపు తిరిగింది. కొత్త కళ్ళతో తేరిపార చూసింది. "నాను బాధపడతానని తెలిసీ నిజం సెప్పినావు. దగ్గరికి రా." వచ్చింది. ఆ బొట్టు స్మిత నుదుటి మీద పెట్టేసింది. "మీ నాయినకి డ్యూటీ లేని రోజేదో సెప్పు. నాను మాటాడతాను."

స్మిత నా వైపు చూసింది. "ఇప్పుడు చెప్పనా?"

"అక్కర్లేదు," అన్నాను.

మర్నాడు ప్రార్థనకి ముందు మా ఇంటికి ఫోనొచ్చింది. ఫాదర్. గుడ్డ పట్టుకుని గద్ద ముక్కు కింద ఎంత వెతికినా ఏమీ కనబడలేదట. దాలమ్మ ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు.