సాకు అని రాసిన బ్యాటరీలు

"సార్, ఇవి బ్యాటరీలా, బిస్కెట్లా?"

కౌంటర్ వెనక నుంచి ఆ పిల్ల నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. నాకు ఒళ్ళు మండింది.

కుందలహళ్ళిలో మా ఆఫీసు వెనక వీధిలోనే ఉంది ఆ షాపు. శామ్యూల్ అంకుల్‌ది. శాటిలైట్ సర్వే మిషన్లు రిపేర్ చేస్తారు. నా పేరు ఓంకార్, ఊరు నంద్యాల, పని సర్వే. బెంగళూరొచ్చి మూడు వారాలే. మిషన్ ఎన్ని లక్షలదైనా బ్యాటరీ పోయిందంటే స్టాండు మీద బోర్లించిన గిన్నెతో సమానం. మావి నాలుగుంటే నాలుగూ గంటకే చతికిలబడుతున్నాయి.

"బిస్కెట్లేంది మేడం?"

"ఎండలో కార్లో పెట్టి కాల్చినారు కదా, అందుకని అడిగినా."

"కాల్చింది నేను కాదు. నాకంటే ముందున్నోళ్ళు."

"అందరూ ఇదే చెప్తారప్పా. జీరో దాకా వాడేది, అట్లే పెట్టెలో పడేసేది, నెల తర్వాత వచ్చి మా మీద అరిచేది!"

పేరు కిరణ్మయి అంట. తాతల కాలం నుంచి ఇక్కడే. తెలుగులో కన్నడ, కన్నడలో ఇంగ్లీషు కలిపి దంచుతా ఉంది.

"పైన డబ్బా అట్లే ఉంచి లోపల సెల్స్ నేనే మారుస్తా. శామ్యూల్ అంకుల్ ఈ పనికి మూడు నెలలు టైమ్ ఇచ్చినాడు. ఒక్క కంప్లైంట్ వచ్చినా బంద్ అన్నాడు. అందుకే నేను చెప్పినట్టే వాడాల. కన్నడ గొత్తా?"

"గొత్తు, గొత్తు!" అన్నాను దర్జాగా.

నాకొచ్చిన కన్నడ, 'తెలుసు' అనే ఆ ఒక్క ముక్కే. కానీ బయోడేటాలో 'కన్నడ: అనర్గళం' అని రాసి ఉద్యోగం కొట్టినోణ్ణి. అంత అందమైన పిల్ల ముందర రాదని ఎట్లా చెప్తాను?

రెండ్రోజులకు పోతే బ్యాటరీలు రెడీగా ఉన్నాయి. ఏది ఎట్లా వాడాలో వివరంగా చెప్పింది. నేను ఒక్కటీ వినలేదు. మాట్లాడేటప్పుడు ఆమె కుడి కనుబొమ్మ టక్కున పైకి లేస్తాది. మళ్ళీ ఎప్పుడు లేస్తాదా అని కాచుకొని ఉంటే ఇంక చెవులేం పనిచేస్తాయి?

రూముకొచ్చి చూస్తే రెండు బ్యాటరీల మీద చీటీలు అంటించి ఉన్నాయి. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు చెల్లెళ్ళే కాబట్టి కూడబలుక్కొని చదివినాను. 'సాకు'.

ఓహో, బిడ్డను సాకినట్టు సాకమని! బ్యాటరీ మీద కూడా ఇంత మమకారమున్న పిల్ల మనిషినెంత బాగా చూసుకుంటాదో అని కరిగి నీరైపోయినాను.

ఇంక సాకినాను చూడండి! ఎండ తగలనివ్వలేదు. కాంటాక్టులు రోజూ పొడిగుడ్డతో తుడిచినాను. పెద్ద సర్వే వచ్చేదాకా మిషన్లో పెట్టనే లేదు. ఛార్జింగ్ పెడితే ముప్పావు గంటలోనే ఫుల్! అబ్బ, ఎంత చురుకో అని మురిసిపోయినాను. చీటీ లేని రెండూ బాగవలేదేమోలే అని ఆఫీసు డ్రాయర్లో, బజ్జీల పొట్లం పక్కన పడేసినాను.

మూడో వారంలో మా మేనేజర్ పద్మనాభం సార్ పిలిచినాడు. "కాడుగోడి అవతల చెరువు హద్దుల సర్వే నీదే. డేటా సాయంత్రం ఆరుకి రావాల. బాగా చేస్తే నువ్వే టీమ్ లీడర్."

పన్నెండుకు చెరువుగట్టు మీద కొలతలన్నిటికీ ఆధారమైన బేస్ మిషన్ నిలబెట్టినాను. అది మూడు గంటలు ఆగకుండా నడవాల. మధ్యలో ఆగిందా, మళ్ళీ మొదట్నుంచే. యాభై నిమిషాలకు ఠప్పుమని ఆరిపోయింది. రెండో బ్యాటరీ వేసినాను. అది పది నిమిషాలు కూడా లేదు!

కోపంతో ఫోన్ కొట్టినాను. "ఏం రిపేర్ మేడం ఇది? నువ్వు సాకమన్నట్టే సాకినా కదా!"

"ఏమి సాకినావు?"

"బ్యాటరీలు! సాకు అని నువ్వే కదా రాసింది?"

అవతల ఒకటే అరుపు. "అయ్యో దేవుడా! కన్నడలో సాకు అంటే చాలు అనప్పా! ఇవి అయిపోయినాయి, ఇంక వాడొద్దు, చాలు అని! గొత్తు గొత్తు అంటివే? మంచివి ఏడపెట్టినావు?"

"డ్రాయర్లో..." అన్నాను నూతిలోంచి మాట్లాడినట్టు.

"ఆడే ఉండు. వస్తా ఉండా."

సరిగ్గా నలభై నిమిషాలకు స్కూటీ వచ్చి ఆగింది. హెల్మెట్ కూడా తీయకుండా, మా ఆఫీసు డ్రాయర్లోంచి తెచ్చిన బ్యాటరీలు రెండూ మిషన్లో దోపింది. పచ్చలైటు వెలిగింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"నాలుగూ నలభై దాకా కదిలించకూడదు. నువ్వు కూడా కదలొద్దు," అంది.

కదలమన్నా కదలను తల్లీ అనుకున్నాను. గట్టు మీద ఆ చివర ఆమె, ఈ చివర నేను, నడుమ మూడు కాళ్ళ మిషన్. గంట గడిచేసరికి ఆ చివర, ఈ చివర లేవు. పక్కపక్కనే ఇద్దరమూ, ఒకే మరమరాల చురుమురి పొట్లం.

"దూడల్ని సాకినట్టు సాకినావా నిజంగా?" అంటుంది, పడీపడీ నవ్వుతుంది. నవ్వి నవ్వి పొలమారింది. అదే సమయంలో టపటపమని వాన మొదలైంది. మిషన్‌కు వానతో భయం లేదు. కానీ ఒక బ్యాటరీ దగ్గర ఎర్రలైటు మిణుకుమంది.

"కాంటాక్టు సరిగా తగల్లేదు. డ్రాయర్లో ఏముండె?"

"బజ్జీలు."

"నూనె అంటింది! సరే, ఒకటి మిషన్‌ని నడిపిస్తాది, రెండోది తీసి తుడుస్తా. గొడుగు పట్టు. పైకెత్తొద్దప్పా, శాటిలైట్లకు అడ్డం! పక్కకు, పక్కకు!"

గొడుగు పక్కకు వంచితే దాని కింద మా తలలు రెండూ దగ్గరకొచ్చినాయి. ఆమె చున్నీ కొసతో కాంటాక్టులు తుడుస్తా ఉంటే నేను లైటు మాని ఆ కనుబొమ్మ వైపే చూసినాను. క్లిక్. మళ్ళీ పచ్చలైటు. ఇద్దరమూ ఒకేసారి "హమ్మయ్య" అన్నాము. దూరం జరగాలన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

అప్పుడే పద్మనాభం సార్ ఫోన్. ఆయన గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"బేస్ మధ్యలో ఆగిపోయినట్టు చూపిస్తా ఉంది! ఆ షాపోళ్ళు మార్చిన బ్యాటరీలేనా? ఇప్పుడే ఆ శామ్యూల్‌కి కంప్లైంట్ పెడతా!"

కిరణ్మయి ముఖంలో నవ్వు ఆరిపోయింది. మూడు నెలల టైమ్, ఒక్క కంప్లైంట్. నేను "అవును సార్" అంటే చాలు, నా టీమ్ లీడర్ పోస్టు నాకుంటాది. ఆమె పని పోతాది.

"షాపు తప్పేం లేదు సార్. ఏవి వాడకూడదో వాళ్ళు చీటీ రాసి అంటించినారు. నేనే తప్పుగా చదివినా."

"చదివేదాంట్లో తప్పేముంటాది?"

"కన్నడలో రాసినారు సార్."

"నీకు కన్నడ అనర్గళం కదయ్యా!"

"రాదు సార్. బయోడేటాలో అబద్ధం రాసినా."

సార్ అరుపుకు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాను. "టీమ్ లీడర్ సంగతి మర్చిపో. ఆరుకి డేటా రాకపోతే ఉద్యోగం సంగతి కూడా మర్చిపో!"

ఫోన్ పెట్టేసినాడు. కిరణ్మయి నా వైపే చూస్తా ఉంది.

"ఎందుకు చెప్పినావప్పా? నా మీదికి తోసేసి ఉంటే నీకు పోస్టు వచ్చుండేది."

"నువ్వు చేసిన పని మంచిది. పాడుచేసింది నేను. ఇంకోటి కూడా ఉంది... నువ్వంటే నాకు చానా ఇష్టం. అది కూడా ఈ రోజే చెప్పేస్తే ఒక పనైపోతాదని."

ఆమె తల తిప్పుకొని పచ్చలైటు వైపు చూస్తా కూర్చుంది. నాలుగూ నలభైకి బేస్ పూర్తయింది. ఐదున్నరకు డేటా పంపించినాము. ఐదూ యాభైకి సార్ మెసేజ్: 'డేటా బాగుంది. షాపుకి కంప్లైంట్ లేదు. నువ్వు మూడు నెలల్లో కన్నడ నేర్చుకో. పోస్టు సంగతి అప్పుడు చూద్దాం.'

చదివి వినిపిస్తే కిరణ్మయి చప్పట్లు కొట్టి ఎగిరింది.

"నేర్పిస్తావా?" అన్నాను.

"నేర్పిస్తా. ఫస్ట్ ఏం నేర్చుకోవాల?"

"'నువ్వు నాకు కావాల' అనేది కన్నడలో ఎట్లా చెప్పాల?"

స్కూటీ తాళం చేతిలో తిప్పుతా, చెరువు వైపు చూస్తా, మెల్లగా చెప్పింది. "నీను ననగె బేకు."

గుండె నిండా గాలి పీల్చుకొని అన్నాను. "నీను నగె బేకు."

"ననగె అప్పా! నగె అంటే నవ్వు!"

అంటూనే నవ్వింది. స్కూటీ స్టార్ట్ చేసి, వెనక సీటు మీద వాననీళ్ళు అరచేత్తో తుడిచి, ఎక్కమని సైగ చేసింది.

"ఆదివారం ఇంటికొచ్చి మా అమ్మను మాత్రం తెలుగులోనే అడుగు. ఈ కన్నడ వినిందంటే పిల్లనియ్యదు."