మెనూలో మూడో వరుస

ముసురు పట్టి మధ్యాహ్నానికే అనకాపల్లి చీకటైపోయింది. తడిసిన బెల్లం పులిసిన వాసన బజారు వైపు నుంచి గదిలోకి వస్తోంది. ఎంసీఏ చదువుతున్న ఫెబా, వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంది. అది పెద్దమ్మ కొడుకు ఆనందకుమార్‌ది. పోయినేడు శారదా నదిలో మునిగి చనిపోయాడు.

ఫెబా ప్రాజెక్టుకి లినక్స్ కావాలి. విండోస్ తీసెయ్యకుండా రెండూ ఉండాలంటే హార్డ్‌డిస్కులో కొంత చోటు విడగొట్టాలి.

"సేసుకో అమ్మా," అంది పెద్దమ్మ ఆరోగ్యమేరి. "డీ డ్రైవులో ఆడి పాటలున్నాయి. అవి పోతే ఆడు మళ్ళీ పోయినట్టే."

చర్చి కోసం ఆనంద్ ఈ గదిలోనే తలుపేసుకుని, మైకు ముందు ఒక్కడే పాడుకున్న కీర్తనలవి. ముందు కాపీ తీద్దామంటే ఆ కంప్యూటర్లో సీడీ రైటర్ లేదు. ఫెబా ఊపిరి బిగబట్టి డీ డ్రైవును కాస్త కుదించింది. ఖాళీ అయిన చోట లినక్స్ ఎక్కించి రీస్టార్ట్ చేసింది.

ఏది తెరవాలో అడుగుతూ మెనూ వచ్చింది. మొదటి వరుస లినక్స్. రెండోది విండోస్. వాటి కింద మూడో వరుస... పేరు లేదు.

విండోస్ తెరిచి చూసింది. పాటలన్నీ ఉన్నాయి. గుండె కుదుటపడింది. లినక్స్ కూడా చూద్దామని మళ్ళీ రీస్టార్ట్ చేసింది.

కీబోర్డు మీద చెయ్యి పెట్టనేలేదు. ఎంచుకున్న వరుసను చూపించే తెల్లపట్టీ తనంతట తానే కిందికి జారింది. మూడో వరుస మీద ఆగింది.

తెర నల్లబడింది. స్పీకర్లలోంచి ఊపిరి... తడిగా, గరగరమంటూ.

"ఇరుగ్గా ఉంది..."

ఫెబా వెనక్కి తిరిగింది. గుమ్మంలో పెద్దమ్మ. ఆమె కూడా వింది. మెల్లగా వచ్చి స్పీకరు దగ్గర చెవి పెట్టింది.

"పెద్దమ్మా... అన్నయ్యేనా?"

చాలాసేపు విన్నాక ఆమె గొంతు తగ్గించి అంది. "కాదమ్మా. ఇది మావోడి గొంతు కాదు."

"కాస్త... చోటియ్యి..."

ఫెబా ప్లగ్ పీకేసింది.

మళ్ళీ ప్లగ్ పెట్టి, లినక్స్ సీడీతో కంప్యూటర్ తెరిచి, హార్డ్‌డిస్కులో విడగొట్టిన ముక్కలు చూసింది. డీ పక్కన చిన్న ముక్క ఒకటుంది. తను చేసింది కాదు. దాన్ని తుడిచేసి, ఖాళీ అయిన ఆ చోటును పాటలున్న డీలో కలిపేసింది. ఈసారి మెనూలో రెండే వరుసలు.

"ఒక్క పాట పెట్టమ్మా," అంది పెద్దమ్మ.

ఆనంద్ గొంతు గది నిండా పరుచుకుంది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. పల్లవి అయింది. చరణానికి ముందు ఆనంద్ ఊపిరి తీసుకున్నాడు. అంతకు రవ్వంత ముందే, మైకుకి బాగా దగ్గరగా, ఇంకెవరో తీసుకున్నారు.

పెద్దమ్మ కళ్ళు తెరిచింది.

ఫెబా ఇంకో పాట పెట్టింది. అందులో ఆనంద్‌తో పాటు రెండో గొంతు, సన్నగా.

మరో పాట పెట్టింది. అందులో ముందుగా ఎత్తుకున్నది ఆ గొంతే. ఆనంద్ వెనక నుంచి అందుకుంటున్నాడు... వణుకుతూ.