గొడుగుల కొట్టు మేకు మీది చీటీ

ఆ రోజుల్లో ఎక్స్ఛేంజి అమ్మగారి ఆఫీసు పాత టెలిఫోన్ భవనం మేడ మీద, ఒక్క కిటికీ ఉన్న గదిలో ఉండేది. ముప్ఫై ఏళ్ళు అదే భవనంలో కూర్చుని ఊరందరి మాటలూ తీగలు మార్చి కలిపిన మనిషి ఆవిడ. తీగల కాలం పోయి భవనం బోసిపోయాక, ఆ గది అద్దెకు తీసుకుని తలుపు మీద 'ప్రైవేటు పరిశోధన' అని చిన్న పలక తగిలించుకున్నారు. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని వినడం ఆవిడ అలవాటు. ఈవిడ చెవులతోనే చూస్తుంది కాబోలని అసిస్టెంటు అనుకునేది.

అసిస్టెంటు ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పెళ్ళయ్యేదాకా కుట్టుమిషను తొక్కిన అమ్మాయి. ఏడాదిన్నర కూతుర్ని పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి పనికి వచ్చేది. ఫోను మోగితే పిల్లకేమైందోనని గుండె దడ. మోగకపోతే అంతకు రెట్టింపు.

ఆ సోమవారం పొద్దున వాన పడుతోంది. మెట్లెక్కి వచ్చిన ముప్ఫై ఏళ్ళావిడ నెత్తి నుంచి నీళ్ళు కారుతున్నాయి. చంకలో మాత్రం కొత్త నల్ల గొడుగు ఉంది, విప్పకుండా.

అసిస్టెంటు తువ్వాలు అందిస్తూ, గొడుగు పెట్టుకుని తడిశారేమిటని అడిగింది.

"ఇది కొట్టుదండీ. నిన్న ఇది చేతిలో ఉండగానే మా మావయ్య పొమ్మన్నాడు. తిరిగి ఇచ్చెయ్యాల్సినదాన్ని ఎలా విప్పను?" అంది ఆవిడ. అని, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు తువ్వాల్లో దాచుకుంది.

ఆవిడ గొడుగులాయన మేనకోడలు. అయిదేళ్ళప్పుడు తల్లి పోతే మేనమామ తెచ్చి పెంచాడు. గొడుగు ఊచలు ఎంచడంతో అంకెలు నేర్చుకుంది, గుడ్డ ముక్కల మీద నిద్రపోయింది. కొట్టు తాళంచెవి ఎప్పుడూ పక్క సందులో, తలుపు చాటున మేకుకి వేలాడేదట. పొద్దున్నే ముందు ఎవరొస్తే వాళ్ళు తీసేవాళ్ళు. కుట్టేవాళ్ళయినా, పిడులు తెచ్చేవాళ్ళయినా సరే. నలభై ఏళ్ళలో ఒక్క గొడుగు పోలేదని మావయ్య గొప్పగా చెప్పుకునేవాడు.

ఏడేళ్ళ కిందట బేరాలు తగ్గినప్పుడు మేనకోడలే ఆన్‌లైన్‌లో ప్రకటనల ఖాతా తెరిచింది. ఫొటోలు పెట్టడానికి ఒక ఫొటోగ్రాఫరునీ, ప్రకటనలు నడపడానికి బయటి ఆయన్నీ కుదుర్చుకుంది. వాళ్ళూ అదే ఖాతాలోకి వెళ్ళాలి కదా, మరి ఎలాగ అంటే, మావయ్య నవ్వి మేకు చూపించాడు. పాస్‌వర్డు చీటీ మీద రాసి తాళంచెవి పక్కనే గుచ్చారు. అప్పటి నుంచీ అందరూ మేనకోడలి పేరు మీదే లోపలికి వెళ్ళి వస్తున్నారు.

ఆదివారం చూస్తే ఆన్‌లైన్‌లో వాళ్ళ గొడుగుల ప్రకటనలు లేవు. ఎవరివో చవక రెయిన్‌కోట్ల ప్రకటనలు, కొట్టు బ్యాంకు కార్డు మీదే నడుస్తున్నాయి. మేనకోడల్ని ఖాతాలోంచి తీసేశారు. ఫొటోగ్రాఫరు తన కంప్యూటర్లో ఎప్పుడో తెరిచి ఉంచిన, ఇంకా మూసుకుపోని పేజీలోంచి మార్పుల చిట్టా ఫొటో తీసి పంపాడు. శనివారం పదకొండున్నరకి కొత్త మనిషిని చేర్చడం, ప్రకటనలు మార్చడం, అన్నీ మేనకోడలి పేరు మీదే ఉన్నాయి. ఆఖరికి మేనకోడల్ని తీసేసింది కూడా మేనకోడలే.

"నీ పేరుంది కదే అన్నాడండీ. ఇంకెవరు చేస్తారన్నాడు. బుధవారం సాయంత్రం మనిషిని పిలిచి తాళం మార్పిస్తానన్నాడు. నన్నడిగితే కొట్టు పోయినా ఫరవాలేదు. ఆయన అలా నమ్మేశాడే, అది..." ఆవిడ గొడుగు ఒళ్ళోకి లాక్కుంది.

అమ్మగారు కళ్ళు తెరిచారు. "మీ ఖాతాలోకి కొత్తగా ఎవరైనా వెళ్తే మీకు తెలియదా?"

కొత్త కంప్యూటర్లోంచి వెళ్తేనే ఒక అంకె వస్తుందని ఆవిడ చెప్పింది. ఆరంకెలు, మావయ్య బొత్తాల ఫోనుకి. అది చెప్తేగానీ లోపలికి వెళ్ళనివ్వదు. ఒకసారి వెళ్ళిన కంప్యూటరుని మళ్ళీ అడగదు. తనకీ, ఫొటోగ్రాఫరుకీ, ప్రకటనలాయనకీ ఏళ్ళ కిందట ఒక్కసారి వచ్చిందంతే. పాస్‌వర్డు మాత్రం మొన్న బుధవారం మార్చి, కొత్త చీటీ ఆ మేకుకే గుచ్చింది. వానలు మొదలయ్యేలోగా బయటివాళ్ళకి ఎవరి పేరు మీద వాళ్ళకి విడిగా ప్రవేశం ఇద్దామనుకుంది. ఆ మాట ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ సరేనన్నారు.

మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళారు. గొడుగులాయన గుడ్డ కోసే బల్ల ముందు నిలబడి ఉన్నాడు, పలకరింపు లేదు. ఆరడుగుల బల్ల, అంచులు అరిగి నున్నగా ఉంది. దాని మీద సుద్దతో కొలతలు, కొట్టివేతలు, మళ్ళీ కొలతలు. అసిస్టెంటు ప్రాణం లేచొచ్చింది. తను మిషను తొక్కిన గదిలోనూ ఇదే సుద్ద వాసన ఉండేది. కళ్ళు వాటంతటవే కొలతలు చదువుకుంటూ పోయాయి. ఇరవై మూడున్నర, ఇరవై ఏడు, పద్దెనిమిదింబావు. ఒక మూల ఆగిపోయాయి.

"అమ్మగారూ, ఇది కొలత కాదండీ," అంది మెల్లగా. "ఆరంకెలున్నాయి. అంత గొడుగు ఎవరు కుడతారు?"

గొడుగులాయన విసుక్కున్నాడు. శనివారం పార్సిలు కంపెనీవాడు ఫోన్ చేశాడట. కొత్త పిడులొచ్చాయి, మీ ఫోనుకి నంబరు వచ్చుంటుంది, చదవండి అన్నాడట. ఏ నంబరైనా ముందు బల్ల మీద రాసుకుని గానీ ఆయన చదవలేడు, కళ్ళు ఆనవు. మేనకోడలు ఆ వేళ ఊచల కొట్టుకి వెళ్ళింది.

"గొంతెవరిది?"

"నాకు ఫోన్లో అన్ని గొంతులూ ఒకటేనమ్మా."

"పిడులొచ్చాయా?"

"రాలేదు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

అమ్మగారు ఆయన ఫోను తీసుకుని పాత మెసేజీలు చూశారు. ఆయన ఏదీ చెరపడు. శనివారం పదకొండూ ఇరవైకి వచ్చిన ఆరంకెలూ, బల్ల మీది ఆరంకెలూ ఒకటే. ఫోను ఆయన చేతికి తిరిగి ఇచ్చారు.

మంగళవారం ఫొటోగ్రాఫరు గదికి వెళ్ళారు. అతని కంప్యూటరు మీద అక్షరాలు అరిగిపోయి బొత్తాలన్నీ బోడిగా ఉన్నాయి. పదేళ్ళదట, చచ్చేదాకా మార్చనన్నాడు. పోయిన గురువారం కొట్టుకెళ్ళి తీసిన ఫొటోలు చూపించాడు. పక్క సందులో గోడకి ఆనించిన ఎర్ర గొడుగు, వెనక తలుపు. బొమ్మలన్నీ ఉన్నవి ఉన్నట్టే ప్రకటనలాయనకి పంపేస్తానని, అంచులు కత్తిరించుకోవడం ఆయన పనేనని చెప్పాడు. అసిస్టెంటు ఆ ఫొటోకి ఒక నకలు అడిగి సంచిలో పెట్టుకుంది.

ప్రకటనలాయన ఆఫీసు చల్లగా, అద్దాలతో ఉంది. బల్ల మీద ల్యాప్‌టాప్ మూతకి సన్నటి ప్లాస్టిక్ పొర ఇంకా అంటుకునే ఉంది. అసిస్టెంటు ముచ్చటపడితే ఆయనా మురిసిపోయాడు. పాతది పాడైందని శుక్రవారమే కొన్నాడట. గొడుగులవాళ్ళ సంగతి ఎత్తితే జాలిపడ్డాడు. తను మాత్రం వారం రోజులుగా ఆ ఖాతాలోకే వెళ్ళలేదన్నాడు. మేనకోడలుగారు పాస్‌వర్డు మార్చి కొత్తది ఇంకా చెప్పలేదని, అడగడానికి మొహమాటపడ్డానని నవ్వాడు.

దారిలో అసిస్టెంటు ఉండబట్టలేక, పాపం ఆయనకి పాస్‌వర్డే తెలియదు కదండీ అంది.

"నీ సంచిలో ఉన్న ఫొటో ఒకసారి తియ్యి అమ్మడూ," అన్నారు అమ్మగారు.

బుధవారం నాలుగింటికి అందరూ కొట్టులో చేరారు. గొడుగులాయన స్టూలు మీద కూర్చున్నాడు. మేనకోడలు గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ నల్ల గొడుగు చేతిలోనే ఉంది. ఫొటోగ్రాఫరు గోడకి ఆనుకున్నాడు. ప్రకటనలాయన, అమ్మగారు తెమ్మన్నారని, ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పొర ఇంకా తియ్యలేదు.

అమ్మగారు నెమ్మదిగా మొదలుపెట్టారు. అందరూ ఒకే పేరు మీద వెళ్ళే ఖాతాలో చిట్టా ఎవరినీ పట్టివ్వదు, ఎవరు తప్పు చేసినా పేరు గలవాళ్ళ నెత్తిన పడుతుంది అన్నారు. అందుకే తాను పేరు చూడలేదని, అంకె చూశానని చెప్పారు. శనివారం ఆరంకెలు వచ్చాయంటే ఎవరో కొత్త కంప్యూటర్లోంచి వెళ్ళారు. మేనకోడలిది పాతది, దానికి అంకె అక్కర్లేదు. తన సొంత ఖాతాలోకి దొంగగా వెళ్ళాల్సిన పని అంతకంటే లేదు. ఫొటోగ్రాఫరుదీ పాతదే.

గొడుగులాయన సుద్ద అంకెల వైపు చూశాడు. "అంటే నేను చదివింది..."

"తాళంచెవే చదివారు, బాబుగారూ. పార్సిలువాడికి కాదు."

 బయట వాన చూరు మీంచి జారుతోంది.

"కొత్త కంప్యూటరు ఈ గదిలో ఒక్కటే ఉంది," అన్నారు అమ్మగారు.

ప్రకటనలాయన నవ్వబోయాడు. "పాస్‌వర్డు నాకు తెలియదని చెప్పాను కదండీ."

అసిస్టెంటు ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఒక చోట వేలు పెట్టింది. ఎర్ర గొడుగు వెనక, తలుపు చాటున మేకు. మేకుకి తాళంచెవి. పక్కనే చీటీ, అక్షరం అక్షరం చదవొచ్చు.

ఫొటోగ్రాఫరు తల పట్టుకున్నాడు. "నేనే పంపాను. నా చేత్తో నేనే పంపాను."

ప్రకటనలాయన ల్యాప్‌టాప్ మీది పొర గోరుతో గీకాడు. తర్వాత చెప్పాడు. రెయిన్‌కోట్లవాళ్ళ ఖాతా ఏవో అబద్ధపు మాటలు రాసి మూతపడిందట. వానలకి ముందు వాళ్ళకి మాటిచ్చేశాడు. ఏడేళ్ళుగా మచ్చలేని ఖాతా ఇదొక్కటే కళ్ళ ముందుంది. విడివిడి ప్రవేశాలు ఇచ్చేస్తే ఇక వీలుపడదు. అందుకే తొందరపడి, పార్సిలువాణ్ణని తనే ఫోన్ చేశాడు. మేనకోడలు చూస్తుందని తీసేశాడు. వారంలో అన్నీ మళ్ళీ సర్దేద్దామనుకున్నాడు.

"ఆ వారంలో ఈవిడ ఎక్కడుంటుందనుకున్నారు?" అని అడిగారు అమ్మగారు.

ఆయన ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. అందరూ చూస్తుండగానే ఖాతా తెరిచి, మేనకోడల్ని యజమానిగా చేర్చి, రెయిన్‌కోట్లు ఆపి, తను బయటికి వచ్చాడు. కార్డు మీద పోయినది కట్టేస్తానని కాగితం రాసిచ్చాడు. వెళ్ళేటప్పుడు ఎవరూ తలెత్తలేదు.

ఫొటోగ్రాఫరు బెదురుతూ, ఇకమీదట తనేం చెయ్యాలని అడిగాడు. మేనకోడలు గుమ్మంలోంచే చెప్పింది. అతని పేరు మీద అతను వస్తాడు, ఫొటోలు పెట్టేంత వరకే వస్తాడు. పని అయిపోయిన రోజు ఆ ప్రవేశం తనే తీసేస్తుంది. యజమాని హక్కు ఇంట్లో ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఫోనుకొచ్చిన అంకె ఎవరడిగినా, దేవుడడిగినా చెప్పకూడదు.

"ఆ రెండోవాడు నేనైతే వద్దే," అన్నాడు గొడుగులాయన.  "దేవుడిదాకా ఎందుకు, పార్సిలువాడికే చదివేశాను. పుట్టిన్నాటి నుంచి ఎరిగిన నిన్ను వదిలేసి, గొంతైనా తెలియనివాణ్ణి నమ్మాను."

 ఆయన లేచి, తడిగుడ్డతో బల్ల మీది ఆరంకెలూ తుడిచాడు. గుడ్డ బల్ల అంచు దాకా వెళ్ళి ఆగింది. అక్కడ చెక్కలో కత్తితో గీసిన పాత కొలత ఉంది, పదకొండంగుళాలు. చిన్నపిల్ల గొడుగుది. దాన్ని వేలితో ఒకసారి తడిమి వదిలేశాడు.

అప్పుడే తాళం మార్చే మనిషి పనిముట్ల పెట్టెతో వచ్చి, ఏ తలుపండీ అన్నాడు.

"తాళం అక్కర్లేదు. ఆ మేకు పీకెయ్," అన్నాడు గొడుగులాయన. "ఇంకో తాళంచెవి చెయ్యి. ఒకటి నాకు, ఒకటి మా అమ్మాయికి."

మేకు నలభై ఏళ్ళది, ఒక పట్టాన రాలేదు. వచ్చేటప్పుడు గోడలోంచి అరచేతిలో పట్టేంత సున్నం రాల్చింది. చీటీని గొడుగులాయనే చింపి, వాన నీళ్ళలో వేశాడు.

మేనకోడలు అమ్మగారినీ అసిస్టెంటునీ వీధి మలుపు దాకా సాగనంపుతానంది. గుమ్మం దిగగానే చంకలోని గొడుగు తీసింది. మూడు రోజులుగా మూసి ఉన్న గొడుగు టప్పున విచ్చుకుంది. ముగ్గురూ దాని కింద ఇరుక్కుని, ఒకరి భుజం ఒకరికి తగులుతూ నడిచారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే అసిస్టెంటు పూలకుండీ కింద ఎప్పుడూ పెట్టే తాళంచెవి తీసి, ఒకటి పక్కింటి పిన్నిగారి చేతికే ఇచ్చింది. ఏళ్ళు గడిచి ఆ కూతురు ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. అమ్మగారు లేరు, టెలిఫోన్ భవనమూ లేదు. గొడుగుల కొట్టు మాత్రం ఉంది. వానొచ్చిన రోజు ఆ సందులోంచి వెళ్తే, తలుపు చాటున గోడలో చిన్న కన్నం ఇంకా కనిపిస్తుంది. ఎన్నిసార్లు సున్నం వేసినా మేనకోడలు దాన్ని పూడ్చనివ్వలేదు.