రబ్బరు మొక్కకు గిట్టని మనిషి

"మా ఇంట్లో ఒక ప్రాణం పోతోందండీ. తీస్తున్నది నేనేనట," అంది వచ్చినామె, కుర్చీ అంచున కూర్చుంటూ.

సహాయకుడు టీ కప్పు పక్కన పెట్టి నోట్‌బుక్ తీశాడు. డిటెక్టివ్ మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఊరంతా ఆమెను భూతద్దం అంటారు. ఆమె దగ్గర లేని వస్తువు అదొక్కటే.

"ఎవరి ప్రాణం?"

"రబ్బరు మొక్కది."

సహాయకుడికి నవ్వొచ్చింది గాని, వచ్చినామె ముఖం చూసి మింగేశాడు. ఆమె ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. మొక్క, చనిపోయిన మొదటి భార్య పెంచినది. ఈమె కాపురానికి వచ్చిన కొత్తల్లోనే ఆకులు రాలడం మొదలైంది. ఈమె పొడ దానికి గిట్టలేదని ఆడపడుచు తేల్చేసింది. మొక్క కోలుకోకపోతే పుట్టింటికి వెళ్ళమన్నాడు భర్త.

"వెళ్తే అన్నయ్య గుమ్మంలోనే నిలబెడతాడండీ. నాకింకో చోటు లేదు."

"నీళ్ళు మీరే పోస్తారా?"

"ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోలేదు."

ఆ సాయంత్రమే వెళ్ళారు. హాల్లో కిటికీ పక్కన, మెరిసే తెల్లటి పింగాణీ కుండీలో మొక్క మనిషిని మించి ఎదిగి ఉంది. ఆడపడుచు సోఫాలోంచి లేవలేదు.

"చీమ కుట్టిందని పోలీసుల్ని పిలిచినట్టుంది నీ వ్యవహారం, మరదలా!"

"చీమలు ఉన్నాయి లెండి," అంది భూతద్దం, కాండం వెంట పాకుతున్న బారును చూపిస్తూ.

కింది ఆకులు పసుపెక్కాయి, చేయి వేస్తే బంకగా అంటుకుంటున్నాయి. నేలమీదా జిగురు పొర కట్టింది. దానిమీద కుర్చీ కాళ్ళ గుర్తు ఒక్కటీ లేదు. సహాయకుడు కుండీ లోపల మొక్క నాటిన ప్లాస్టిక్ తొట్టిని కాస్త పైకెత్తగానే గుప్పున మురుగు వాసన. పింగాణీ కుండీకి అడుగున చిల్లు లేదు. నీళ్ళు అందులోనే నిలిచిపోయాయి.

"ఇప్పుడు కుర్చీ ఎక్కి పైన చూడవయ్యా."

అతను ఎక్కాడు. "కణుపుల్లో తెల్లగా దూది అంటినట్టుంది మేడం. కాని ఇక్కడి ఆకులు అద్దంలా మెరుస్తున్నాయి!"

అప్పుడే ఇంటాయన గుమ్మం పైకమ్మి తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చాడు. భూతద్దం అందర్నీ కూర్చోమంది.

"నీళ్ళు ఎవరు పోస్తారు?"

"నేనే, వచ్చినప్పుడల్లా. వీడికి మతిమరుపు," అంది ఆడపడుచు.

"నేను రోజూ పోస్తున్నాను కదక్కా!"

అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీళ్ళు పోసే చేతులు రెండు, బయటికి దారి లేని కుండీ ఒకటి," అంది భూతద్దం. "వేళ్ళు కుళ్ళాయి. నీరసించిన మొక్కను పిండినల్లి, ఆ తెల్లటి దూదిలాంటి పురుగు, పట్టింది. అది రసం పీల్చి జిగురు వదులుతుంది. చీమలు ఆ జిగురుకే వచ్చాయి."

"అంటే ఎవరి తప్పూ లేదన్నమాట," అంది ఆడపడుచు తేలిగ్గా.

"పై కణుపుల్లోనూ పురుగుంది. ఆ పక్కనున్న పై ఆకులకు మాత్రం జిగురు లేదు. ఎవరో తుడిచారు, అదీ కుర్చీ వేసుకోకుండా. అక్కడికి ఈ ఇంట్లో ఒక్కరికే చేయి అందుతుంది. పురుగు కంటపడకుండా ఆ ఆకు తుడవలేరు. ఎప్పుడు చూశారండీ?"

ఇంటాయన తల దించాడు.

"మొదట్లోనే. ఆవిడ పెంచిన మొక్క నా చేతుల్లో పోతోందంటే ఒప్పుకోలేకపోయాను. అక్క ఈమె పేరెత్తేసరికి... ఊపిరాడినట్టయింది."

భార్య అతనికేసి తదేకంగా చూసింది. అతను ఆమెను తప్పించుకుని డిటెక్టివ్ వైపు తిరిగాడు.

"బతుకుతుందా?"

"కుళ్ళిన వేళ్ళు కోసి కొత్త మట్టిలోకి మార్చండి. సబ్బునీళ్ళ గుడ్డతో కణుపులు తుడవండి. పైమట్టి ఆరితేనే నీళ్ళు పోయండి. బతుకుతుంది."

అతని ముఖం వెలిగింది. భార్య వైపు తిరిగి, వరమిస్తున్నట్టు అన్నాడు: "విన్నావుగా! ఇక నువ్వెళ్ళక్కర్లేదు. మొక్కను నువ్వు ముట్టుకోవచ్చు."

సహాయకుడు ఆమెను అభినందించాలని నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి ఆగి, తను ఎక్కిన కుర్చీని గోడవారకు జరిపాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. గిన్నెలో సబ్బునీళ్ళు, పాత గుడ్డ తెచ్చి మొక్క ముందు కూర్చుంది.

"కణుపుల్లో బాగా రుద్దు," అంది ఆడపడుచు సోఫాలోంచి.

"అలాగే వదినా," అంటూ ఆమె మొదటి ఆకును అరచేతిలోకి తీసుకుంది.