ముసలి రక్తం

"టార్గెట్ ఇదే." మార్కాపురం సేఫ్‌హౌస్‌లో చీఫ్ కొండలరావు ఫొటో ముందుకు తోశాడు. గిద్దలూరులో ఒక కల్యాణ మండపం. ఉచిత వైద్య శిబిరమని బ్యానర్.

"మన కణాలు సన్నని సంచుల్లో ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి, ఆరిఫ్. వెసికిల్స్ అంటారు. ముసలి కణం పంపిన సంచి పడుచు కణాన్నీ ముసలిదాన్ని చేస్తుందట. ఈ విదేశీ ముఠా పోయిన నెల ముసలివాళ్ల రక్తం తీసుకుంది. అందులోంచి ఆ సంచులు తీసి ఆయుధం చేసింది. ఇవాళ టీకా పేరుతో పడుచువాళ్ల మీద టెస్ట్."

"ఇక్కడే ఎందుకు సార్?"

"ఇక్కడ ఏం జరిగినా అడిగేవాడెవడు? సరే, మేకప్‌మేన్‌ను పిలవనా?"

"వద్దు సార్. పోయిన నెల రక్తం ఇచ్చేటప్పుడు కూడా ఇట్లనే పోయినాను."

కొమరోలు బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఏజెంట్ ఆరిఫ్‌కు మారువేషం ఎప్పుడో వేసిపెట్టింది. వంగిన నడుము, గార పళ్లు. చేతికర్ర ఒక్కటే డిపార్ట్‌మెంట్‌ది. దాని పిడిలో ట్రాన్స్‌మిటర్.

మండపంలో సిరంజి పట్టుకుని ముబాషిరా నిలబడి ఉంది. హైదరాబాద్ నుంచి దిగిన అందగత్తె. మనకు ఇన్‌ఫార్మర్‌గా ఉంటూ ముఠాకు అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్. ఆమె ముందు చెయ్యి చాపి కూర్చున్న పిల్లను చూడగానే ఆరిఫ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. తన అక్క కూతురు అస్మా! కానిస్టేబుల్ సెలెక్షన్ కోసం రోజూ పరుగు ప్రాక్టీసు చేస్తున్న పిల్ల.

పిడి నొక్కి కోడ్ చెప్పాడు. "పలక పగిలింది."

"బలపం బయల్దేరింది," అంది ట్రాన్స్‌మిటర్.

పరుగెత్తబోయాడు. నడుము సాగనివ్వలేదు. సిరంజిని కర్రతో కొట్టేసరికి అది ఖాళీ.

కమాండోలు దూకారు. ముఠా మొత్తానికీ సంకెళ్లు పడ్డాయి.

"ఏంది మామూ? టీకానే గదా?"

"ఏంగాదులే బేటీ." అబద్ధమాడాడు.

ముబాషిరా నవ్వింది. "ఆరు నెలల్లో నీలాగే అవుతుంది, తాతా."

"ఈ మందుకు తీసిన రక్తం ఎవురిది?"

"మీ కొమరోలు వాళ్లదే. కర్ర పట్టుకొచ్చిన ముసలివాళ్లందరిదీ. నీది కూడా."

"వయసు అడిగినారా?"

"అడగడమెందుకు? చూస్తే తెలియదూ?"

ఆరిఫ్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నాకు ముప్పై ఆరు. నా ఎనక నిలబడిన పుల్లయ్యకు ముప్పై మూడు. ఆ వరసలో నలభై దాటినోడు ఒక్కడు లేడమ్మా. ముసలివి మా ఎముకలు. రక్తం కాదు."

ముబాషిరా నవ్వు ఆగిపోయింది.

ల్యాబ్ రిపోర్టూ అదే చెప్పింది. మందులో హాని చేసేదేమీ లేదు. ఆపరేషన్ సక్సెస్ అని చీఫ్ ఫైలు మూసేశాడు.

కొమరోలులో అస్మా పరుగు ముగించి వచ్చి, బిందెలోని బోరునీళ్లు చెంబుతో ముంచింది. ఆపబోయి ఆరిఫ్ చెయ్యి దించేశాడు. ఇంట్లో వేరే నీళ్లు లేవు.

"ఏంది మామూ?"

"ఏంగాదులే. తాగు."

బిందెలోని ఈ ముద్దాయికి ఏ సైజు సంకెళ్లు తేవాలో డిపార్ట్‌మెంట్‌కు ఇంకా తెలియదు.