పట్టాలో ఉన్న పేరు

1926 నవంబరులో ఒక ఉదయం లిదియా చోడి అంబలి కలుపుతూ ఉండగా, కొండ కింది నుంచి తలారి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. తాగాక, తలపాగా మడతలోంచి కరణంగారి చీటీ తీసి ఆమె చేతికే ఇచ్చాడు. భర్త ఎలీయేజరు అప్పటికే మిషను బడికి వెళ్ళిపోయాడు. అక్షరాలు అతను నేర్పినవే గనుక, ఆమె కూడబలుక్కుని చదువుకోగలిగింది. పట్టాదారు తవిటమ్మకు వోటు ఉందనీ, ఫలానా రోజు శృంగవరపుకోట రావాలనీ అందులో ఉంది.

తవిటమ్మ ఆమే. బాప్తిస్మానికి ముందు తల్లి పెట్టిన పేరది. కొండ కింద ఉన్న అయిదెకరాల పల్లాన్నీ, చిన్న ఇంటినీ ఆ పేరు మీదనే రాయించి తల్లి కన్నుమూసింది. ఆడవాళ్ళకూ వోటు ఉండాలని చెన్నపట్నం శాసనసభ అయిదేళ్ళ కిందట తీర్మానించింది గనుక, ఆ భూమి శిస్తే ఆమెను వోటరును చేసింది. వాళ్ళు కాపురముంటున్న అరకులోయ ఏజెన్సీలో చేరినందువల్ల, కొండ కింద భూమి లేని అక్కడివారికి వోటు లేదు. ఎలీయేజరుకూ లేదు.

"మూడేళ్ళ కిందట కూడా తెచ్చినానమ్మా," అన్నాడు తలారి లేస్తూ. "ఆ పేరు మనిషి ఈ ఇంట్లో నేదని మాస్టారు తిప్పి పంపేసినారు."

మధ్యాహ్నం భర్త భోజనానికి కూర్చున్నాక, లిదియా చీటీని పళ్ళెం పక్కన పెట్టింది.

"తవిటమ్మ నేదని సెప్పినారట. నేకపోతే, మీరు తింటన్న ఆ బియ్యం ఎవులివండి?"

ఎలీయేజరు ముద్దను పళ్ళెంలోకి జారవిడిచాడు. "ఆ పేరు నీళ్ళలో వదిలేసి వచ్చావు. పదిమందిలో మళ్ళీ పలికితే నీ విశ్వాసానికి సాక్ష్యం ఏటవుతుంది? సంఘంలో నన్నడగరా?"

"శిస్తు రసీదు మీద ఆ పేరుంటే ఇన్నేళ్ళూ ఎవులూ అడగనేదు."

గోడవార కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అత్త ఆనందమ్మ తలెత్తకుండానే అంది: "ఆ బియ్యానికి కూడా బాప్తిస్మం ఇచ్చినావేటిరా?"

"నువ్వూరుకో అమ్మా."

"ఊరుకుంటే మూడేళ్ళు పోనాయి కదరా."

"నేను ఎల్తానండి," అంది లిదియా. "మీరు రాకపోయినా ఎల్తాను."

రెండు రోజుల ముందే ఇద్దరూ ఘాటీ దిగారు. భార్యను ఒంటరిగా పంపితే పదిమందీ ఏమనుకుంటారోనని అతను వెంట వచ్చాడు. అప్పటికి అంతకు మించిన కారణం లేదు. దారిపొడవునా వారు మాట్లాడుకున్నది ఎక్కడ ఆగాలి, ఏం తినాలి అన్నంతవరకే.

పోలింగు గదిలో అధికారి పేరు అడిగాడు. "తవిటమ్మ," అంది ఆమె. పన్నెండేళ్ళ తరవాత ఆ పేరు తన నోట విని తనే కొంచెం తడబడింది. వెంటనే ఒక అభ్యర్థి తరఫు మనిషి అడ్డు తగిలాడు.

"ఈవిడ మిషను మాస్టారి భార్య లిదియా అండి. పట్టా మనిషి వేరు."

ఆమెను గుర్తుపట్టి చెప్పాల్సిన కరణం ఆ పూట జ్వరంతో రాలేదు. అధికారి కలం ఆపి, ఈమెను ఎరిగినవారెవరైనా ప్రమాణం చేసి చెప్పగలరా అని అడిగాడు. భర్త గుమ్మం బయటే ఉన్నాడని లిదియాకు తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అడుక్కున్నట్టవుతుందని ఆమెకు తోచింది.

కొంతసేపటికి ఎలీయేజరు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"నేను చెబుతానండి. ఈమె నా భార్య. తల్లి పెట్టిన పేరు తవిటమ్మ. లిదియా తరవాత వచ్చింది. రెండూ ఈమెవే."

వోటు వేసి వచ్చేసరికి అతను చింతచెట్టు నీడన నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే చెప్పాడు.

"ఆ చీటీని పేరు కోసం తిప్పి పంపలేదు. సంఘం కోసమూ కాదు. పాఠాలు చెప్పే నాకు లేనిది నీకుందని… ఓర్చుకోలేకపోయాను."

లిదియా చెంగుతో ముఖం తుడుచుకుంది.

"అప్పుడే నా సేతికిచ్చుంటే, ఎవులికెయ్యాలో మిమ్మల్నే అడిగి ఏసీదాన్నండి," అంది నెమ్మదిగా. "ఇవ్వనేదు కాబట్టి ఇయ్యాల నేనే ఆలోసించుకున్నాను."

ఎలీయేజరుకు కళ్ళు నిండాయి. ఎవరికి వేశావని మాత్రం అడగలేదు, ఆనాడే కాదు, ఆ తరవాత ఎన్నడూ.