ఒక వరుస తక్కువ

ఉదయం ఏడూ పదికి నల్లగొండ బస్టాండు ఎదుటి హోటల్లో ఒక మనిషి ఇడ్లీ తింటూ తింటూ టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. ఇడ్లీ తప్పేమీ లేదు. తప్పంతా పక్కనున్న చాయ్‌ది.

అతని పేరు శ్రీకాంత్. గొర్రెల టీకాలు నిల్వచేసే ఒక గిడ్డంగిలో గుమస్తా. అతన్ని కలవడానికే హైదరాబాద్ నుంచి బయల్దేరిన ఏజెంట్ నాగేందర్ సరిగ్గా రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. దారిలో బస్సు టైరు పంక్చరైంది. విషాన్ని పసిగట్టే గడియారం అతని మణికట్టు మీద ఎర్రగా మెరిసింది. అప్పుడు మెరిసి ఏం లాభం!

శ్రీకాంత్ ఆఖరి ఊపిరితో అతని చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు. "బ్యాచ్ ఏడు వందల పన్నెండు... పదకొండింటికి..." అన్నాడు. అంతే.

నాగేందర్ పక్క సందులోకి నడిచి ఫోన్ తీశాడు. చీఫ్ సుచరితకు హలో అనే అలవాటు లేదు.

"చెప్పు."

"మనిషి పోయాడు మేడమ్. పెన్ డ్రైవ్ దొరికింది. బ్యాచ్ 712, పదకొండింటికి అన్నాడు."

"విను. ఒక విదేశీ ముఠా ఒక్క బ్యాచ్ టీకాలో దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ క్రిములు కలిపింది. అది ఒక్క ఊరికే పోతుంది, ఇవాళ పదకొండింటికి సూదులు. సూది వేసిన గొర్రెల మాంసం తింటే మనుషులకూ పాకుతుంది. ఈ ఆదివారం ఎన్నో ఊళ్లలో గొర్రెల కాపరుల దేవుడు బీరప్ప పండుగ. ఊరికి ఊరే తింటుంది."

"ఏ ఊరు మేడమ్?"

"అది తెలిస్తే నీతో పనేముంది?"

"సూదులన్నీ ఆపించొచ్చు కదా?"

"చచ్చిన గుమస్తా మాట మీద రెండు జిల్లాల టీకాలు ఆపమంటే పైవాళ్లు ఒప్పుకోవడం లేదు. ఊరి పేరు చూపిస్తే ఆ ఒక్క ఊరిది ఆపుతారట. ఆ పెన్ డ్రైవ్‌లో ఏ బ్యాచ్ ఎవరికో రాసిన గొర్రెల కాపరుల జాబితా ఉందని శ్రీకాంత్ ముందే చెప్పాడు. కామాలు పెట్టి విడగొట్టిన సి.ఎస్.వి. ఫైలు. మన కంట్రోల్ రూమ్ మెషిన్‌కు జేసన్ అనే ఫైలు తప్ప ఇంకో రూపం ఎక్కదు. మార్చి పంపు. నల్లగొండలో నిలబడకు, నీ వెనక కళ్లున్నాయి. మోత్కూర్‌లో మన డేటా నిపుణురాలు స్నేహలత ఉంటుంది."

గొర్రెల బేరగాడి వేషంలో నాగేందర్ మోత్కూర్ చేరాడు. భుజాన తువ్వాల, చేతిలో కర్ర, కర్రలో పిస్టల్. కొల్లాపూర్ దగ్గర గొర్రెలు కాసే కురుమల ఇంట్లో పుట్టినవాడు కాబట్టి, వేషం వేసుకున్నాడనడం కంటే ఇన్నాళ్ల వేషం తీసేశాడనడం న్యాయం.

అంగడి పక్కనే మల్లీశ్వరి జిరాక్స్ షాపు. యాభై ఏళ్ల మల్లీశ్వరి ఒకచేత్తో ఫారాలు నింపుతూ ఇంకోచేత్తో లామినేషన్ చేస్తోంది. "కర్ర బయట వెట్టు తమ్మీ, లోపట జాగ లేదు," అంది. నాగేందర్ బుద్ధిమంతుడిలా పెట్టేశాడు.

లోపల కంప్యూటర్ ముందు ఆకుపచ్చ పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమె అత్తరు ముందు జిరాక్స్ ఇంకు వాసన తోక ముడిచింది.

"జామపండ్లు ఎట్లా ఇస్తున్నారు?" అన్నాడు నాగేందర్.

"మా చెట్టు ఈ ఏడు కాయలేదు," అంది స్నేహలత. కోడ్ సరిపోయింది.

ఫైల్లో రెండు లక్షల పన్నెండు వేల నలభై ఒక్క వరుసలున్నాయి. మామూలుగా ఎక్సెల్‌లో తెరవబోతే షాపు కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఊరికే 712 అని వెతికిస్తే ఫోన్ నంబర్లలో, ఇంటి నంబర్లలో కలిపి నాలుగు వేలచోట్ల దొరికింది.

"అందుకే కమాండ్ లైన్," అని స్నేహలత నల్లటి తెర తెరిచింది. "ఒక్క ఆజ్ఞ చాలు. కామాల ఫైలు ఇటు పోతే జేసన్ అటు వస్తుంది. అప్పుడు బ్యాచ్ కాలమ్‌లో మాత్రమే వెతకొచ్చు."

నాగేందర్ రెండు చేతులతోనూ గురితప్పకుండా కాల్చగలడు. ట్రైనింగులో కమాండ్ లైన్ పాఠం ఉన్న రోజున కూడా అతను కాల్చడానికే వెళ్లాడు. ఇప్పుడు ఆమె వేళ్ల వంకే చూస్తూ, ఆపరేషన్ గది బయట కూర్చున్న చుట్టంలా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడో ఒక ఊరి ప్రాణం ఆ తెర మీద ఉంది. తనకు ఒక్క అక్షరమూ అర్థం కావడం లేదు. ఇంత చేతగానితనం అతనికి ఎన్నడూ తెలియదు.

ఆమె ఎంటర్ నొక్కింది. నిమిషం తర్వాత తెర మీద రెండు అంకెలు పడ్డాయి. చదివినవి 2,12,041. మార్చినవి 2,12,039. తర్వాత 712వ బ్యాచ్ కోసం వెతికింది. సున్నా.

"ఆ బ్యాచ్ ఏ ఊరికీ పోలేదు నాగేందర్. శ్రీకాంత్ పొరబడ్డాడు."

ఫైలు కంట్రోల్ రూమ్‌కు వెళ్లింది. సుచరిత ఫోన్ చేసింది. "మెషిన్ కూడా సున్నా అంటోంది. మిషన్ క్లోజ్. వచ్చెయ్."

టైమ్ పది ముప్పై ఐదు. నాగేందర్ లేవబోయి, ఆ రెండు అంకెల దగ్గర ఆగిపోయాడు. చిన్నప్పుడు పొద్దుగూకే వేళ జీవాలు దొడ్లోకి పోతుంటే బాపు కంచె దగ్గర పెదవి కదపకుండా లెక్కపెడుతూ నిలబడేవాడు. ఒక్కటి తక్కువైనా ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

"రెండు తక్కువున్నాయి," అన్నాడు.

"ఒకటి తలవరుస. పేరు, ఊరు, ఫోను అని కాలమ్‌ల పేర్లుండేది. అది లెక్కలోకి రాదు."

"మరి రెండోది?"

స్నేహలత కళ్లద్దాలు తీసింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ కూడా తీసింది.

"తెలివైనవాడివే. పాడైన వరుసలను చప్పుడు చేయకుండా వదిలెయ్యమని ఆజ్ఞ చివర ఒక మాట చేర్చాను. రెండు లక్షల వరుసల్లో, మార్చేటప్పుడు రాలిపోయేది ఒక్కటే. వెతికి వెతికి విషపు బ్యాచ్‌ను ఆ ఒక్కదానికే రాయించాం. ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా కూర్చో."

నాగేందర్ కదల్లేదు. పిస్టల్ ఉన్న కర్ర గడప అవతల ఎండకు ఆరుతోంది.

అప్పుడు దభీమని చప్పుడైంది. ఐదు వందల కాగితాల కట్ట నెత్తిన పడి స్నేహలత నేలకు జారింది.

"నా షాపుల తుపాకులు తీసుడేందమ్మా!" అంది మల్లీశ్వరి, ఇంకో కట్ట కోసం చూస్తూ.

నాగేందర్ స్నేహలత చేతులను వైరుతో కట్టేసి కీబోర్డు ముందు కూలబడ్డాడు. "అక్కా, గీ నల్ల తెర సంగతి నీకేమన్న తెలుసా?"

"నాకేం ఎరుక తమ్మీ. ఫారాలు నింపుడే నా పని."

దేవుడి మీద భారం వేసి, స్నేహలత కొట్టిన ఆజ్ఞనే మళ్లీ రప్పించి, చివరి మాట చెరిపేసి ఎంటర్ నొక్కాడు. ఈసారి టూల్ మధ్యలో ఆగి గోల పెట్టింది. ఈ వరుసలో ఆరు కాలమ్‌లు ఉండాలి, ఏడున్నాయి. కింద ఆ వరుసే కనిపించింది. గుర్వయ్య, ఎర్రబండగూడెం, ఫోన్ నంబరు. గొర్రెలు ఎన్ని అన్నచోట అంకె లేదు. 'ఉన్నయి తియ్, దేవుని దయ' అని ఉంది.

మల్లీశ్వరి తెర మీదికి వంగింది. "అయ్యో, గిది నేను రాసిందే! లెక్క రాసుకుందామని పోతే గుర్వయ్య చెప్పనే చెప్పలే. జీవాల లెక్క ఎవ్వలు చెప్తరు? దిష్టి తగుల్తది. మిగతోళ్లు అందాజ ఏదో రాసిండ్రు. నేను ఆయన అన్నది అన్నట్టు రాసిన."

ఆ మాట మధ్యలోని కామాను కంప్యూటర్ కాలమ్‌ల మధ్య ఇంకో గోడ అనుకుంది. ఒక అర రెండైంది. 712 పక్క అరలోకి జరిగింది. వరుస మొత్తం చెత్తలోకి పోయింది.

నాగేందర్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "ఎర్రబండగూడెం మేడమ్! ఆపించండి!"

"నోటిమాట చెల్లదు నాగేందర్. నేను చెప్పినా మెషిన్ వినదు. జేసన్ పంపు."

పది యాభై మూడు. మల్లీశ్వరి తన ఫోన్‌లో గుర్వయ్యకు కొట్టసాగింది. "ఎత్తుతలేడు తమ్మీ."

గుర్వయ్య మాటకు రెండు పక్కలా కొటేషన్ గుర్తులు పెడితే లోపలి కామా గోడ కాదని టూల్ ఇచ్చిన సలహాను నాగేందర్ కూడబలుక్కుని చదివాడు. ఒంటి వేలితో నొక్కాడు. కొటేషన్ పడలేదు.

"ఎడమ దిక్కు షిఫ్టు పనిచెయ్యది. కుడి దిక్కుది నొక్కు," అంది మల్లీశ్వరి, చెవి దగ్గర ఫోన్ తీయకుండానే.

పది యాభై ఎనిమిదికి 712 కోసం వెతికితే ఒకటి అని వచ్చింది. పది యాభై తొమ్మిదికి ఫైలు వెళ్లింది. చీఫ్ వెంటనే ఫోన్ చేసింది. "ఆర్డర్ పంపాం. కానీ అక్కడ టీకా వేసే మనిషి ట్యాబ్‌కు నెట్ అందడం లేదు."

పదకొండు దాటి నిమిషాలు పోతున్నాయి. ఒకటి. రెండు. నాగేందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరు తెలుసు, మనిషి తెలుసు, చెయ్యి మాత్రం అక్కడిదాకా పోదు.

"ఎత్తిండు!" అని మల్లీశ్వరి ఫోన్ చేతిలో పెట్టింది.

"పెద్దయ్యా! సూదులు ఏసిండ్రా?"

"యాడ ఏసిండ్రు?" అన్నాడు గుర్వయ్య. "గొర్లెన్నో చెప్తేనే డబ్బ తెరుస్త అంటుండు గీ సారు. మందు గంతే కలపాల్నట. అర్ధగంట సంది గిదే లొల్లి. నేను చెప్పలే. గిప్పుడు పాపం ఎండల నిలవడి బతిలాడుతుండు, జర మనసు కరుగుతాంది. ఏం చేస్తం, చెప్తున్న సారూ, రాసుకో... నూట..."

"చెప్పకు పెద్దయ్యా!" నాగేందర్ కేకకు అంగడి అంతా తిరిగి చూసింది. "ఎవ్వలకు చెప్పకు! ఒట్టు!"

"నువ్వెవలో గనీ మంచి మాట చెప్పినవ్ బిడ్డా," అన్నాడు గుర్వయ్య. తర్వాత ఫోన్ టీకా మనిషి చేతికి మారింది. డబ్బా సీలు తెగకుండానే పోలీసుల జీపెక్కింది. అదే జీపు తిరుగుదారిలో స్నేహలతనూ ఎక్కించుకుంది.

నాగేందర్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ల ట్రైనింగు, గడియారం, పిస్టల్ అన్నీ ఉండి, ఈ పూట తను చేసిన ఘనకార్యం ఒక ముసలాయనను నోరు మూసుకోమనడమే. అయినా ఆదివారం ఆ ఊరు పండుగ చేసుకుంటుంది. అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఫోన్ మోగింది. సుచరిత.

"శభాష్ నాగేందర్. మిషన్ రిపోర్టు, ఆ జాబితా మొత్తం సాయంత్రంలోగా పైవాళ్లకు పంపు. జేసన్ గీసన్ వాళ్లకు తెరవరాదట. ఎక్సెల్‌లో పెట్టు."